వెదురు తెప్ప మీద ఊరికే అలా పోవాలి, అమ్మని కూడా తీసుకెళ్లాలి. ఎక్కడికి వెళ్లమంటారు?

కూకట్‌పల్లి_గుడ్లగూబ

అందరికీ నమస్తే. ప్రశ్న చిన్నదే, కథ కాస్త పొడుగు, ఓపిక పట్టండి.

రెండేళ్లుగా నైట్ షిఫ్ట్. ఓ రోజు తెల్లారుజామున నాలుగున్నరకి ఆఫీసు క్యాబ్‌లో ఇంటికొస్తూ ఫోన్‌లో ఒక వీడియో చూశాను. ఆకుపచ్చ నీళ్లు, రెండు వైపులా చెట్లు నది మీదకి వంగి ఉన్నాయి, సన్నగా పొడుగ్గా ఒక వెదురు తెప్ప, ముందు ఒకాయన నిలబడి గడ వేస్తున్నాడు, వెనక వెదురుతోనే చేసిన బెంచీ మీద ఇద్దరు కూర్చున్నారు. అంతే. పాట లేదు, మాట లేదు, కేకలు అసలే లేవు. జేఎన్టీయూ సిగ్నల్ దగ్గర మొదలుపెట్టి ఇల్లు చేరేలోపు అదే వీడియో నాలుగుసార్లు చూశాను.

ఆఫీసులో చెబితే "రాఫ్టింగా? రిషికేశ్ పోదాం బ్రో, దండేలి పోదాం బ్రో" అని హెల్మెట్ల దాకా వెళ్లిపోయారు. వాళ్లకి ఎంత చెప్పినా ఎక్కలేదు. నాకు అలలు వద్దు, థ్రిల్ వద్దు, గట్టిగా అరిచే గైడ్ వద్దు. ఓ గంట నీళ్ల మీద ఎవరో ఒకరు నన్ను తోసుకుంటూ పోతే చాలు.

ఇంతకుముందు ఒకసారి మోసపోయాను కూడా. ఇక్కడే ఒక ట్రావెల్స్ వాళ్లు వీకెండ్ ప్యాకేజీలో "వెదురు తెప్ప విహారం" అని రాస్తే నమ్మి డబ్బు కట్టాను. తీరా వెళ్తే నది కాదు, చెరువు. నీలం ప్లాస్టిక్ డ్రమ్ముల మీద వెదురు బద్దలు మేకులు కొట్టి పెట్టారు, మూలన స్పీకరు, తీన్మార్ బీటు. పావుగంటలో దింపేశారు. అడిగితే "వెదురు ఉంది కదా సార్" అన్నారు. ఉంది, కాదనలేను.

ఇప్పుడు సంక్రాంతి తర్వాత ఐదు రోజులు సెలవు దొరికింది. నేను, మా ఆవిడ, ఏడేళ్ల బాబు, మా అమ్మ. అమ్మకి 67, మోకాళ్ల నొప్పులు, కింద కూర్చుంటే లేవలేదు. పైగా 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పుడు టీవీలో రోజుల తరబడి చూసిన దగ్గర్నుంచి నీళ్లంటేనే భయం, "పాపికొండలు" అన్న మాట ఎత్తనివ్వదు. అయినా వీడియో చూపిస్తే "ఇది బానే ఉందిరా, మెల్లగా పోతోంది" అంది. ఆ మాట పట్టుకునే ఇదంతా.

నిజంగా నది మీద, నిజంగా వెదురు తెప్ప, ఎక్కడ దొరుకుతుంది? బట్టలు తడుస్తాయా? అమ్మ కూర్చోగలదా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.

మియాపూర్_పిల్లర్

వయనాడ్ వెళ్లండి బ్రదర్. కురువా ద్వీప్ అని కబిని నది మధ్యలో దీవుల గుంపు, మొత్తం కలిపి సుమారు 950 ఎకరాలు, మనుషులుండరు, అడవే. మేం డిసెంబర్‌లో వెళ్లాం. వానాకాలంలో నది పొంగుతుంది కాబట్టి మూసేస్తారు, మీరు వెళ్లేది జనవరి కనుక ఆ టెన్షన్ లేదు.

రూటు: కాచిగూడ నుంచి మంగళూరు వైపు వెళ్లే ఎక్స్‌ప్రెస్ వారానికి రెండు రోజులే, అది కోళికోడ్ మీదుగా పోతుంది. లేదంటే కోళికోడ్‌కో కన్నూర్‌కో ఫ్లైట్. కోళికోడ్‌లో దిగితే తామరశ్శేరి ఘాట్ ఎక్కాలి, 9 హెయిర్‌పిన్ మలుపులు, మా పాప ఆరో మలుపులోనే టిఫిన్ మొత్తం కక్కేసింది, కాబట్టి పొద్దున ఇడ్లీ ఒకటి తక్కువ తినిపించండి. మానంతవాడిలో బస చేస్తే దగ్గర.

అక్కడ రెండు రకాలుంటాయి, ఇది ముందే తెలుసుకోండి, మేం తెలుసుకోక ఒక పూట పోగొట్టుకున్నాం. ఒకటి దీవిలోకి దాటించే తెప్ప, అది వెడల్పుగా ఉంటుంది, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి కట్టిన తాడు పట్టుకుని లాగుతారు, ఐదు నిమిషాల్లో అయిపోతుంది. దాటాక దీవిలో నడక ఉంటుంది, రాళ్లు, వేళ్లు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అసలు వద్దు. రెండోది దీవిలోకి దిగకుండా నది మీద గడతో నెమ్మదిగా తిప్పి తీసుకొచ్చేది. మీకు కావాల్సింది రెండోదే. టికెట్ కౌంటర్‌లో "బాంబూ రాఫ్టింగ్ మాత్రమే" అని గట్టిగా చెప్పండి.

ఇంకో విషయం దాచకుండా చెప్తా. 2024 ఫిబ్రవరిలో అక్కడ పనిచేసే ఒకాయన ఏనుగు దాడిలో చనిపోయారు, అప్పుడు మూసేసి అక్టోబర్‌లో మళ్లీ తెరిచారు. రోజుకి ఇంతమందే అని పరిమితి పెట్టారు. అందుకే పొద్దున్నే వెళ్లాలి. తొమ్మిదింటికి ఫస్ట్ తెప్ప ఎక్కినవాళ్లకి నది దొరుకుతుంది, పదకొండుకి వెళ్లినవాళ్లకి క్యూ దొరుకుతుంది.

తడవడం సంగతి: పాదాలు తడుస్తాయి, గ్యారంటీ. సాక్సులు వేసుకుని వెళ్లి నేను నవ్వులపాలయ్యాను. ఎక్కి కూర్చోగానే వెదుళ్ల సందుల్లోంచి నీళ్లు పైకొచ్చి వేళ్లకి తగిలాయి, మా ఆవిడ "మునుగుతోందండీ" అని నా చొక్కా పట్టుకుంది. తెప్పాయన వెనక్కి కూడా చూడలేదు, రోజూ వింటాడు కాబోలు. ఒక పది నిమిషాలయ్యాక ఎవరూ మాట్లాడలేదు. గడ అడుగున ఇసకలో దిగినప్పుడు కర్‌మని సన్నటి చప్పుడు, పైకి లాగినప్పుడు దాని మీంచి కారే నీళ్ల చప్పుడు, మళ్లీ కర్‌ర్. మా పాప ఒళ్లో పడుకుని నిద్రపోయింది. మామూలుగా దాన్ని పడుకోబెట్టాలంటే మాకు గంటన్నర పడుతుంది.

గచ్చిబౌలి_బ్యాచిలర్

థాయ్‌లాండ్ పో అన్నా. చియాంగ్ మాయ్ నుంచి ఓ గంట దూరంలో మే వాంగ్ అని చిన్న నది, మేం ఆరుగురం పోయినం, మస్తుంటది. నీళ్లు చాలా చోట్ల మోకాళ్ల లోతే, పడ్డా లేచి నిలబడొచ్చు. ఒడ్డు మీద చిన్న చిన్న కొట్లు, తెప్ప ఆపి కొబ్బరిబొండం తాగొచ్చు, వేరేవి కూడా తాగొచ్చు. మధ్యలో ఏనుగుల క్యాంపులుంటయ్, వాటి దయవల్ల నీళ్లలో అప్పుడప్పుడు పెద్ద పెద్ద ముద్దలు తేలుతూ మన పక్కనే ప్రయాణం చేస్తయ్, మా దోస్తు ఒకడు రాయి అనుకుని చెయ్యి పెట్టిండు. ఇక రాయను.

కానీ నిజం చెప్పాలంటే అమ్మగారితో అయితే వద్దు. అక్కడ తెప్ప ఇరుకు, బెంచీ ఉండదు, వెదురు మీదే కాళ్లు చాపుకుని కూర్చోవాలి, నడుం దాకా తడుస్తది. ఇంకోటి, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అటువైపు పొలాలు, అడవులు కాలుస్తరు, ఊరంతా పొగ, కొండలు కూడా కనబడవు. వెళ్తే నవంబర్ నుంచి జనవరి లోపే.

గోదారోడు_ఉప్పల్లో

మీ అమ్మగారి భయం గురించి నాలుగు ముక్కలు చెప్పాలనిపించింది. మాది రాజమండ్రి అవతల. మా తాతయ్య చిన్నప్పుడు ఏజెన్సీ నుంచి కలప, వెదురు గోదారి మీద తెప్పలు కట్టి కిందకి వదిలేవారు. వెదురుని లారీ ఎక్కించడం కాదు, వెదురే బండి, వెదురే సరుకు. తాతయ్య ఆ తెప్ప మీదే రోజులు గడిపేవాడట, ఓ మూల మట్టి పరిచి దాని మీద మూడు రాళ్లు పెట్టి అన్నం వండేవారట. ఆయన ఎప్పుడూ ఒక మాట అనేవాడు: పడవకి చిల్లు పడితే పడవ పోతుంది, తెప్పకి చిల్లే కదరా ఒళ్లంతా, ఇంకేం పడుతుంది?

అది ఊరికే చమత్కారం కాదు. వెదురుకి కణుపు కణుపుకీ లోపల అడ్డుగోడ ఉంటుంది. అంటే ఒక్కో కణుపు మధ్య ఉన్నది మూత బిగించిన సీసా లాంటిది. ఒకటి పగిలి నీళ్లు చేరినా పక్కది తేలుతూనే ఉంటుంది. ఇరవై బొంగులు కట్టిన తెప్పలో అలాంటి సీసాలు వందల్లో ఉంటాయి. పడవలోకి నీళ్లొస్తే ప్రమాదం, ఎందుకంటే అది గిన్నె. తెప్ప గిన్నె కాదు, పీట. సందుల్లోంచి నీళ్లు పైకి రావడం దానికి మామూలే, అలా వచ్చిన నీళ్లు అలాగే కిందకి పోతాయి. ఈ ముక్క అమ్మగారికి ఎక్కే ముందే చెప్పండి, ఎక్కాక చెబితే వినరు.

అలాగని వెదురు చిరంజీవి కాదు. కొన్ని నెలలు నీళ్లలో నానితే బరువెక్కుతుంది, నల్లబడుతుంది, తెప్ప కిందకి దిగుతుంది. మనుషులెక్కక ముందే తెప్ప పైభాగం నీళ్లకి సమానంగా ఉంటే ఆ తెప్ప ఎక్కకండి, ఇంకోటి వచ్చేదాకా ఆగండి. కట్లు చూడండి. తాళ్లు బిగువుగా ఉండాలి, కాలితో ఒక బొంగు నొక్కితే అదొక్కటే కిందకి జారకూడదు. లైఫ్ జాకెట్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. మోకాళ్ల లోతే కదా అంటారు, నది అడుగు ఏ రోజూ ఒకేలా ఉండదు, నిన్న ఇసక ఉన్నచోట ఇవాళ గుంట ఉంటుంది. బాబుకి పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి, పెద్దవాళ్లది వేస్తే నీళ్లలో పడగానే అది పైకొచ్చేస్తుంది, పిల్లాడు కిందే ఉంటాడు.

ఎక్కేటప్పుడు మధ్యలో అడుగు పెట్టాలి, అంచు మీద కాదు. ఒకరు కూర్చున్నాకే ఇంకొకరు.

ఓ చిన్న విషయం, సరదాకి. కేరళలో 44 నదులుంటే 41 పడమటికి పారి అరేబియా సముద్రంలో కలుస్తాయి. తూర్పుకి పారేవి మూడే, అందులో కబిని ఒకటి, అది పోయి కావేరిలో కలుస్తుంది. మన నదుల్లాగే తూర్పు మొహం. అమ్మగారికి కాస్త ధైర్యంగా ఉంటుందేమో!

ఈసీఐఎల్_చౌరస్తా

గోదారోడు గారూ, పోస్టు సేవ్ చేసుకున్నా.

గుడ్లగూబ బ్రో, నువ్వు చూసిన వీడియో దాదాపు కచ్చితంగా జమైకాది. వెనక ఎత్తుగా బెంచీ, ఇద్దరే మనుషులు, ముందు నిలబడి గడ వేసే కెప్టెన్, ఇది అక్కడి పద్ధతి. తెప్ప 30 అడుగుల పొడుగుంటుంది. మొదట అరటి గెలల్ని తోటల నుంచి రేవుకి చేర్చడానికి రియో గ్రాండే నది మీద ఈ తెప్పలు నడిపేవారు. 1940ల్లో ఎరాల్ ఫ్లిన్ అనే హాలీవుడ్ హీరో అక్కడ స్థిరపడి, అరటి గెలల బదులు తను, తన స్నేహితులు ఎక్కి తిరగడం మొదలుపెట్టాడు, అలా అది టూరిస్టుల వ్యవహారం అయిపోయింది. రియో గ్రాండే మీద రెండున్నర మూడు గంటలు పడుతుంది. మార్తా బ్రే అని ఇంకో నది ఉంది, అక్కడ 3 మైళ్లు.

మీ అమ్మగారికి సరిగ్గా సరిపోయేది అదే, కాళ్లు కిందకి వేలాడేసి సోఫాలో కూర్చున్నట్టు కూర్చోవచ్చు. కాకపోతే శంషాబాద్ నుంచి అక్కడికి వెళ్లొచ్చేసరికి నీ ఐదు రోజుల సెలవూ విమానాల్లోనే అయిపోతుంది, ఖర్చు సంగతి నేను చెప్పక్కర్లేదు. సరే, వీడియో ఇంకోసారి చూసుకో.

బేగంబజార్_బిందాస్

ఇంత దూరాలెందుకు భాయ్, మన మూసీ ఉంది కదా. తెప్ప అక్కర్లేదు, దాని మీద నడిచిపోవచ్చు.

అత్తాపూర్_టీచరమ్మ

పై బాబు మాట పక్కన పెట్టండి.

నేను కేరళలోనే తేక్కడి వెళ్లాను, ఎవరో ఒకరు ఆ పేరు చెబుతారని చూస్తున్నా, ఎవరూ చెప్పలేదు. పెరియార్ టైగర్ రిజర్వ్‌లో అటవీశాఖ వాళ్లే వెదురు తెప్ప కార్యక్రమం నడుపుతారు. ఒకప్పుడు అడవిలో దొంగతనంగా చెట్ల బెరడు ఒలిచి అమ్ముకుని బతికినవాళ్లే ఇప్పుడు గైడ్లు. వెంట తుపాకీతో ఒక గార్డు. ఆ గైడ్లకి తెలియని జంతువు, తెలియని చప్పుడు ఉండదు, అడవిని రెండు వైపుల నుంచీ చూసినవాళ్లు మరి.

కానీ బాబూ, అది నది కాదు. 1895లో ముల్లపెరియార్ డ్యామ్ కట్టినప్పుడు అడవి మునిగి ఏర్పడ్డ రిజర్వాయర్. ప్రవాహం ఉండదు, తెడ్లు వేసుకుంటూ పోవాలి, మన చేతికీ ఒక తెడ్డు ఇస్తారు. అప్పుడు మునిగిన చెట్ల మోళ్లు ఇప్పటికీ నీళ్లలో నిటారుగా నిలబడి ఉన్నాయి, నూరేళ్లు దాటినా కుళ్లలేదు, ఒక్కో మోడు మీద ఒక్కో నీటికాకి రెక్కలు ఆరబెట్టుకుంటూ. తెప్ప వాటి మధ్య నుంచి పోతుంటే నాకు ఒళ్లు జలదరించింది. అవతలి ఒడ్డున ఏనుగులు మేస్తున్నాయి, మేం ఉన్నామని వాటికి తెలుసు, పట్టించుకోలేదు.

అందులో సగం నడక. తెప్ప ఎక్కే చోటికి అడవిలో నడవాలి, మధ్యలోనూ నడవాలి. వానాకాలంలో జలగలు, మోకాళ్ల దాకా గుడ్డ మేజోళ్లు కట్టి పంపిస్తారు. మీ అమ్మగారి మోకాళ్లకి అది కుదరదు, నేను 54లో వెళ్తేనే సాయంత్రానికి నడుం పట్టేసింది. మీరిద్దరూ ఎప్పుడైనా విడిగా వెళ్లండి. సికింద్రాబాద్ నుంచి శబరి ఎక్కి కొట్టాయంలో దిగితే అక్కడి నుంచి ఘాట్ రోడ్డులో బస్సులుంటాయి.

అమ్మగారి కోసం అయితే కురువానే మేలనిపిస్తోంది. ముందు ఒక పని చేయండి. ఇంట్లో స్నానాల పీట వేసి దాని మీద అరగంట కూర్చోబెట్టి చూడండి. లేవగలిగితే తెప్ప మీద కూడా కూర్చోగలరు.

కూకట్‌పల్లి_గుడ్లగూబ

అందరికీ పేరుపేరునా థాంక్స్. టీచర్ గారూ, పీట పరీక్ష పెట్టాను. అమ్మ ఇరవై నిమిషాలు కూర్చుంది, ఆ ఇరవై నిమిషాల్లో చిక్కుడుకాయలు ఒలిచేసింది, లేవడానికి నా భుజం పట్టుకుంది. పాసైనట్టే కదా? గోదారోడు గారి "గిన్నె కాదు, పీట" చదివి వినిపించాను. "వాళ్ల తాతయ్య ఈత వచ్చినవాడు అయ్యుంటాడు" అంది, కానీ వద్దనలేదు.

కన్నూర్‌కి టికెట్లు చూస్తున్నా. మియాపూర్ బ్రదర్, అక్కడ తెప్ప మీద కూర్చోవడానికి ఏమైనా ఉంటుందా? చిన్న ప్లాస్టిక్ స్టూలు తీసుకెళ్లనా?

మియాపూర్_పిల్లర్

స్టూలు వద్దు బ్రదర్, వెదురు గుండ్రం కదా, కాళ్లు జారిపోతాయి, అమ్మగారు స్టూలుతో సహా నదిలో ఉంటారు. మా తెప్పలో అడ్డంగా కట్టిన వెదురు మీద కూర్చున్నాం, జానెడు ఎత్తుంటుంది. దాని మీద మందపాటి టవల్ మడత పెట్టండి, చాలు. చీర అయితే కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకోమనండి.

కూకట్‌పల్లి_గుడ్లగూబ

అప్‌డేట్. నిన్న రాత్రే తిరిగొచ్చాం, నిద్ర రాక రాస్తున్నా, షిఫ్ట్ అలవాటు.

తొమ్మిదింటికే ఫస్ట్ తెప్ప దొరికింది. తెప్ప నడిపినాయన వయసు అరవై పైనే ఉంటుంది, అమ్మని చూడగానే ఏమీ అడక్కుండా గడ ఇసకలో గుచ్చి, రెండు చేతులూ చాపి ఎక్కించుకున్నాడు. నీళ్లు సందుల్లోంచి రాగానే అమ్మ మొహం చూశాను. కళ్లు మూసుకుని పెదాలు కదుపుతోంది, విష్ణు సహస్రనామం మొదలైపోయింది. మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఎక్కడ ఆగిందో నాకు తెలీదు, చూసేసరికి చెప్పులు విప్పి పక్కన పెట్టుకుని, పాదాల మీదకి వచ్చిపోయే నీళ్లని చూస్తూ కూర్చుంది. మోకాళ్ల సంగతి అడిగితే "చల్లగా ఉందిరా, మాట్లాడకు" అంది.

నేనైతే వీడియో తీద్దామని ఫోన్ తీసి, మళ్లీ జేబులో పెట్టేశాను. తీయలేదు కాబట్టి ఇక్కడ పెట్టడానికి ఫొటోలు లేవు, ఎవరూ అడక్కండి. జాకెట్లు అందరికీ ఇచ్చారు, బాబుకి పిల్లల సైజు రెండోసారి అడిగితే లోపల్నుంచి తెచ్చారు. మా తెప్ప కొంచెం నల్లబడినదే, కానీ నీళ్లకి బెత్తెడు పైన ఉంది, కట్లు కాలితో నొక్కి మరీ చూశాను, మా ఆవిడ తలకొట్టుకుంది.

నష్టం ఒక్కటే. బాబు వాళ్ల నానమ్మని చూసి తనూ చెప్పులు విప్పి అంచున పెట్టాడు, మలుపులో రెండూ నీళ్లలోకి జారాయి. తెప్పాయన గడ చివరతో ఒకదాన్ని ఒడుపుగా లాగి ఇచ్చాడు. కుడికాలుది. మానంతవాడి బజార్లో కొత్త జత కొన్నాం, అయినా ఆ ఒంటి చెప్పు పారేయనివ్వడం లేదు, హైదరాబాద్ దాకా మోసుకొచ్చాడు.

గోదారోడు_ఉప్పల్లో

ఎడమది ఈపాటికి కర్ణాటకలో కబిని డ్యామ్ దగ్గర ఆగి ఉంటుంది లెండి. గేట్లు ఎత్తితే కావేరిలోకి పోతుంది, బాబుకి చెప్పండి.